కంకరరాళ్ళు కడిగిన రోజు

తిరువాలంగాడు స్టేషన్‌కు మూడు మైళ్ళ దూరంలో ఉండేది మా అత్తగారి ఊరు. బావి అడుగంటిన కరువు ఏడాది, నా భర్త మోటారు గదికి ఆనించి ఒక సిమెంటు తొట్టి కట్టించాడు. ఆయన అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు, రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. తొట్టిలో చేపలు పెంచుతానంటే మా మామ ఒప్పుకోలేదు.

“తాగేదానికే నీళ్ళు లేవు. చేపలకి యాడ తెస్తావురా?”

“కొత్త నీళ్ళు అక్కర్లేదు నాయనా. ఉండే నీళ్ళే తిరిగి తిరిగి వస్తాయి” అన్నాడు ఆయన.

చిన్న మోటారు తొట్టి నీళ్ళను పైనున్న డ్రమ్ములోకి ఎక్కించేది. డ్రమ్ము నిండా కంకర. రాళ్ళ సందుల్లోంచి దిగిన నీళ్ళు గొట్టం ద్వారా మళ్ళీ తొట్టిలోనే పడేవి. ఎండకు తగ్గిన మేరకు రోజూ రెండు బిందెలు పోస్తే సరిపోయేది.

తొట్టిలో వేసింది రెండు రకాలు. జిలేబీ చేపలు ఆగకుండా పిల్లలు పెడతాయి, వదిలేస్తే తొట్టి నిండిపోయి ఏదీ ఎదగదు. అందుకని వాటితో కొర్రమీన్లు వేశాడు. అవి ఆ పిల్లల్ని తిని పెరిగేవి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, ఎగిరి బయట పడుతుందని తొట్టి మీద వల కట్టాడు.

కొన్నాళ్ళకు కంకరకు నల్లటి జిగురు పట్టింది. నేను మొహం చిట్లిస్తే నవ్వాడు.

“దాన్ని మాత్రం కడగొద్దు. చేపల పెంటతో నీళ్ళలో చేరే విషాన్ని ఇరిచేది అదే. అది పట్టేదానికి నెలన్నర అయింది.”

ఆ సంగతి నాకొక్కదానికే చెప్పాడు.

ఆ ఎండాకాలమే కామెర్లు వచ్చి, పన్నెండు రోజులు తిరువళ్ళూరు ఆసుపత్రిలో ఉండి, పోయాడు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ళ గాజుల చప్పుడు వింటూ కూర్చున్నాను. అన్నం పెడితే తిన్నాను. పొద్దునా సాయంత్రం లేచి వెళ్ళి చేపలకు తవుడు ఉండలు వేసి వచ్చాను.

కర్మకు ముందురోజు ఇల్లంతా కడిగారు. కొడుకు కట్టించిన తొట్టి మురికిగా ఉండకూడదనుకున్నాడేమో, మామ డ్రమ్ము దించి కంకర కుమ్మరించాడు. కొబ్బరిపీచుతో ఒక్కొక్క రాయీ తోమి ఎండలో పరిచాడు. నేను గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను. చెప్పాల్సిన మాట తెలుసు. నోరు తెరవడమే చేతకాలేదు.

“చూడమ్మా, ఎంత తెల్లగా అయినాయో.”

“అవును మామా” అన్నాను.

ఆరిన రాళ్ళు మళ్ళీ డ్రమ్ములో పోసిన నాలుగో రోజుకు జిలేబీలు మేత మానేశాయి. గొట్టం కింద గుంపు కట్టి నోళ్ళు తెరిచాయి. ఆరో రోజు పొద్దున అన్నీ తేలి ఉన్నాయి. అడుగున కొర్రమీన్లు మాత్రం మెల్లగా కదులుతున్నాయి. మామ చచ్చినవాటిని గంపలోకి ఎత్తుతున్నాడు.

“నా బిడ్డ పెంచినవి. ఏమయిందో తెలియలేదే.”

“రాళ్ళు కడక్కూడదు మామా. ఆయన చెప్పినాడు.”

మామ తలెత్తాడు. “నీకు తెలుసునా?”

“తెలుసు.”

“మరి చూస్తా ఎందుకు ఉండినావు?”

“తెలీదు మామా. మాట రాలేదు.”

తిడతాడనుకున్నాను. తిట్టినా నాకేమీ అనిపించేది కాదు. గంప దించి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు.

“నాకూ అట్లే ఉందమ్మా. నిన్న నీళ్ళు చేదబోయి, తాడు పట్టుకుని ఎంతసేపు నిలబడినానో తెలీదు” అన్నాడు. గంప పక్కకు జరిపి, “ఇంకేమేం చెప్పినాడో చెప్పు” అన్నాడు.

గుర్తున్నంతా చెప్పాను. తొట్టి నీళ్ళు సగం వంగమళ్ళకు వదిలి, బావిలో ఊరినవి ఊరినట్టు చేది కొత్త నీళ్ళు పోశాం. కొర్రమీన్ల కోసం మామ చెరువు మడుగులో చిన్న చేపలు పట్టి తెచ్చేవాడు. రాళ్ళు మళ్ళీ నల్లబడ్డాక, రెండు నెలలకు, కొత్త జిలేబీలు వేశాం.

ఆ ఏడాది చివర ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలోనే నాకు స్టోర్సులో పని ఇచ్చారు. పొద్దున రైలుబండికి పోయి చీకటి పడేవేళకు వచ్చేదాన్ని. మామ నాకు కాఫీ ఇచ్చి చేపల సంగతులు చెప్పేవాడు. మేత తిన్నాయని, ఒక కొర్రమీను వలను గుద్దుకుందని, కరెంటు గంటసేపు లేకపోతే తనే చెంబుతో నీళ్ళు ఎత్తి పోశానని. నేను వినేదాన్ని. నాలుగేళ్ళు అట్లాగే గడిచాయి. ఆ నాలుగేళ్ళలో మా ఇద్దరిలో ఎవరమూ ఆయన పేరు ఎత్తలేదు.