గ్యాసు డ్రమ్మెక్కిన కొత్తల్లుడు

అల్లుడి నోట్లో శని అంటారు. నా శని నోట్లో లేదు, నేను కూర్చున్న చోట ఉంది. అదెలాగో చెప్తాను, ముక్కు మూసుకొని వినండి.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. నేనక్కడ సామాన్ల బండి నడిపేవాణ్ణి. రోజూ విమానాలను దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టి యంత్రాలన్నీ నాకు తెలుసని ఒక పిచ్చి నమ్మకం.

పెళ్లయ్యాక మొదటిసారి కొత్వాల్‌గూడలో అత్తగారింటికి వెళ్లాను. కొత్తల్లుణ్ణి చూడటానికి చుట్టాలంతా దిగారు. బగారన్నం, నాటుకోడి కూర. పొయ్యికి మాత్రం పెరట్లోని గోబర్ గ్యాసే దిక్కు. ఇటుకలతో కట్టిన గుంత నిండా పేడనీళ్లు, వాటి మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. గ్యాసు నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడుకుంటే కిందికి దిగుతుంది. దాని బరువే గ్యాసును పైపులోకి నెడుతుందని మామ చెప్పాడు. అంతవరకు విని ఊరుకుంటే బాగుండేది.

"మంట సన్నగున్నది. గీ కోడి ఎప్పుడుడుకుతదో ఏమో!" వంటింట్లో అత్త పరేషాన్ అవుతోంది.

"బరువు పెడితే మంట పెరుగుతది గద మామా?"

"జర పెరుగుతది. ఆగు, గీ రాయి పెడ్త."

"రాయెందుకు, నేను లేనా?" పెళ్లికి పెట్టిన తెల్లబట్టలతోనే డ్రమ్మెక్కి కూర్చున్నాను.

"అబ్బ, మంట మంచిగొస్తున్నది!" లోపల్నుంచి అత్త.

ఇక నన్ను పట్టేదెవరు? ఆ రాయిని కూడా ఒళ్లో పెట్టుకున్నాను.

"దిగుండ్రి! డ్రమ్ము ఒరుగుతున్నది!" నా భార్య సుజాత అరిచింది.

"ఏం కాదు, నువ్వూకో," అంటూ ఆమె వైపు వంగాను. నాతోపాటు డ్రమ్మూ వంగింది. అంచు కిందనుంచి గ్యాసంతా బుడబుడమని తన్నుకొచ్చింది. దాంతోపాటు వచ్చిన పేడనీళ్లు నా నెత్తిదాకా చిమ్మాయి.

"ఓ సుజాతా! పొయ్యారిపోయింది!" వంటింట్లోంచి అత్త కేక.

మామ అడుక్కి దిగిన డ్రమ్మును చూశాడు, నన్ను చూశాడు. "ఇగ గ్యాసు నిండాలంటే రేపటిదాక ఆగాలె," అన్నాడు. నాకోసం కోసిన కోడి సగమే ఉడికింది. చుట్టాలు అటుకులు తిని, నాకు కాస్త దూరంగా నిలబడి, సెలవు తీసుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ వెళ్లినప్పుడు కాళ్లకు నీళ్లయినా ఇవ్వకముందే అత్త కేకేసింది: "అల్లుడొచ్చిండు! డ్రమ్ము మీద ముండ్లకంప ఎయ్యుండ్రి!"

అది మేకలు ఎక్కకుండా వేసే కంప.

అందుకే సుజాత నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాను: ఇక అత్తగారింట్లో కుర్చీ వేసినా సరే, దాన్ని ఎత్తి కింద చూడందే కూర్చోను.