వియ్యపురాలి గౌనులో మాటల ముక్కలు

మా వదిన ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు. నేను ఆవిడ ఆడపడుచుని, అదే షాపులో కాజాలు కుట్టేదాన్ని. కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుంది. లేకపోయినా చెబుతాను.

ఆవిడ కూతురు స్పానిష్ మాట్లాడే ఇంటికి కోడలైంది. పెళ్లిలో వియ్యపురాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఒకరికొకరు పళ్లు చూపించుకుంటూ రోజంతా గడిపేశారు. రెండేళ్ల తర్వాత ఆ వియ్యపురాలు కొడుకుని వెంటబెట్టుకుని మూడు నెలల్లో వస్తోందని, వారం రోజులు ఉంటుందని కబురొచ్చింది. కోడలికి సెలవు దొరకలేదట. వదిన అడగాలనుకున్నది ఒక్కటే: "నా కూతురు ఏడుస్తోందా?" ఫోన్ చేస్తే పిల్ల ఎప్పుడూ "బానే ఉన్నానమ్మా" అంటుంది. అల్లుణ్ణి దుబాసీగా పెట్టుకుని అడిగే మాటా ఇది?

అందుకని ఫోన్‌లో స్పానిష్ పాఠాలు మొదలెట్టింది. కత్తెర పడితే తప్ప ఏదీ ఆవిడ బుర్రకెక్కదు. పాత కాగితాల మీద ఆ భాష అక్షరాల్లోనే ఒక్కో క్రియ రాసి, పలికేటప్పుడు ఎక్కడ విరుగుతుందో అక్కడ కత్తిరించేది. ఒత్తి పలికే ముక్క మీద ఎర్ర సుద్దతో గీత పెట్టేది.

"చూడవే, మాటకి ఒళ్లు ఒకటే. పాడేది నేనా, నువ్వా, ఆవిడా అన్నదాన్ని బట్టి చేతులు మారతాయి."

"మన మాటలూ అంతే కదా వదినా!"

"మనవి పుట్టగానే తొడిగేశారు. కొలతలు తీసింది ఎవరికి గుర్తు?"

కుడుతూ ఆ మాటలు వల్లె వేసేది, ఒత్తు దగ్గరికి రాగానే పెడల్ కూడా గట్టిగా తొక్కేది. అలా ఒకావిడ జాకెట్టు చెయ్యి పూర్తిగా మూసి కుట్టిపారేసింది. తిట్లు నేను తిన్నాను.

వియ్యపురాలికని నీలం గౌను కుడుతూ, చదువుకోవడానికి వీలుగా ఆ ముక్కల్ని గౌను లోపలే టాకా వేసుకుంది. హడావుడిలో వాటి మీదే లైనింగ్ కుట్టేసింది. వియ్యపురాలు వచ్చాక దాన్ని తొడుక్కుని షాపులో నడిస్తే అడుగుకో గరగర! వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

గౌను మార్పించి లైనింగ్ విప్పితే, కటింగ్ బల్ల నిండా మాటలే. వియ్యపురాలు పొట్ట పట్టుకుని నవ్వింది. అల్లుడు బయటికెళ్లాడు, అడగాలంటే ఇదే అదను. కానీ వదిన నోరు పెగల్లేదు. మూడు నెలల చదువూ బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాను.

వదిన "యో", "రా" ముక్కలు ఏరి పక్కపక్కన పెట్టింది. ఏడుస్తుంది, అని. ఆ పక్కన ఫోన్‌లో కూతురి ఫోటో పెట్టింది.

వియ్యపురాలి నవ్వు ఆగిపోయింది. తల అడ్డంగా ఊపి, ఆ రెండు ముక్కల్నీ పక్కకి నెట్టి, బల్లంతా వెతికి "కాన్", "తా" తెచ్చి పెట్టింది. పాడుతుంది, అని. మేం నమ్మమనుకుందో ఏమో, గిన్నెలు తోముతున్నట్టు చేతులాడిస్తూ, అచ్చం మా పిల్లలాగే మెడ పక్కకి వాల్చి గొంతెత్తింది.

"పాడుతుందా?" అంది వదిన నాతో. "ఇరవై నాలుగేళ్లు నా పక్కనే ఉందే. ఒక్కసారీ వినలేదే నేను."

"మన మిషన్ల మోతలో ఏం వినబడుతుంది వదినా?"

అప్పుడు కూడా నా మిషన్ నడుస్తూనే ఉంది. వదిన వచ్చి దాన్ని ఆపేసింది. వియ్యపురాలి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ నాకేసి చూసింది.

"ఇంకోసారి పాడమనవే," అంది.