డిస్కుకు బొట్టు పెట్టిన రోజు

మా ఉదయగిరిలో కొత్త బండికి నిమ్మకాయలు కట్టి, కొత్త మోటారుకు పసుపు పూసి ఇంతవరకూ ఎవరూ చెడిపోలేదు. చెడిపోయింది నేనొక్కదాన్నే. ఎంత ఘనంగా చెడిపోయానో చెబుతాను. నలుగురిలో నోరు విప్పలేని మనిషిని. కాగితం కాబట్టి ఈ ధైర్యం.

మా ఇంట్లో డెస్క్‌టాప్ ముసలిది. అందులోని చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు పెళ్లివారి బస్సులా కిక్కిరిసిపోయింది. ఒక ఫోటో ఎక్కాలంటే ఇంకొకటి దిగాలి. పెద్దది తెప్పించి, నేనే మారుస్తానన్నాను. మూడు వీడియోలు చూసిన ఇంజనీరుని కదా.

వైరుతో కొత్తదాన్ని బయటినుంచి తగిలించి, ఉన్నదంతా అందులోకి కాపీ చేశాను. పాతది మా అక్కకిస్తానని మాటిచ్చాను. మా అక్క సబ్బు కవరు దొరికినా చివరిదాకా చదివే మనిషి. అందుకని పాతదాంట్లోంచి నా ఆరేళ్ల డైరీని ఆనవాలు లేకుండా తుడిచేశాను. ఇక కొత్త డిస్కులో తప్ప ఈ భూమ్మీద నా డైరీ ఎక్కడా లేదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు. కాపీ కాగానే కూడా కాదు.

దాన్ని కంప్యూటర్ పెట్టెలో బిగించబోతుంటే మా అవ్వ వచ్చింది.

"బొట్టు పెట్టకుండానే బిగిస్తా ఉండావా?"

"డిస్కవ్వా ఇది. లోపల ఉంటాది, ఎవురికీ కనబడదు."

"గుండెకాయ కూడా లోపలే ఉంటాది. పెట్టు."

ఆ మాట నాకు నచ్చింది. కానీ ఎక్కడ పెట్టాలి? ఎటు తిప్పినా నల్లటి బిళ్ల. ఒక అంచున మాత్రం బంగారు రంగు పళ్ల వరుస మెరుస్తోంది. నుదురు అదేననుకుని, పసుపు తడిపి పొడవునా పూసి, మధ్యలో కుంకుమ దిద్దాను. పెళ్లికూతురిలా ఉంది. బిగించి మీట నొక్కాను.

డిస్కే లేదంది కంప్యూటర్. పదిసార్లు నొక్కితే పదిసార్లూ లేదంది. నా ఆరేళ్ల బతుకు గుటుక్కుమంది. అయినా పసుపును అనుమానించాలని తోచలేదు. అలాంటి ఇంట్లో పుట్టలేదు నేను.

మర్నాడు పొద్దున్నే పెట్టెను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. అవ్వ తోడు.

"బిడ్డకు జొరమా?" అన్నాడు కండక్టరు.

"డిస్కు కనబడ్డంలేదంటయ్యా," అంది అవ్వ.

ఆత్మకూరులో కంప్యూటర్లు బాగుచేసే షాహీనా అక్క డిస్కును ఊడదీసి, దీపం కింద చాలాసేపు చూసింది.

"ఎవురు పెట్టినారు ఈ బొట్టు?"

నేను అవ్వ వైపు చూశాను. అదీ నా శౌర్యం.

"పెట్టమన్నది నేనే," అంది అవ్వ. "బొట్టు నొసట పెడతారు గానీ పండ్లకు పెడతారా ఎక్కడన్నా?"

షాపులో ఇద్దరు నవ్వారు. షాహీనా అక్క నవ్వలేదు. "నొసలేదో పండ్లేవో తెలిసేట్టు కంపెనీవాడు చేయలేదు. పాప తప్పేముండాది," అంది. పిల్లలు పెన్సిలు రాత చెరిపే రబ్బరుతో, చంటిబిడ్డ చెవి తుడిచినంత నెమ్మదిగా, ఒక్కో పన్నూ శుభ్రం చేసింది. పెట్టెలో ఆ పళ్లకు తగిలే వైరు మూతిని కూడా స్పిరిట్‌తో కడిగింది. ఇంత చేస్తూ ఒక్క నీతి చెప్పలేదు. నేనైతే ఆ అవకాశం వదిలేదాన్నా?

తెర వెలిగింది.

"ముఖ్యమైంది ఏదన్నా తెరిచి చూసుకో," అంది షాహీనా అక్క.

'రేషన్ కార్డు జెరాక్సులు' అని పేరు పెట్టి దాచిన ఫోల్డరు తెరిచాను. డైరీ ఉంది. అదేమిటో అర్థమవగానే అక్క కుర్చీ అటు తిప్పుకుంది. "నాకు అవతల ప్రింటరు పని ఉండాది." పరాయి రహస్యానికి అంత మర్యాదగా వీపు చూపించిన మనిషిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

వీపు చూపించని మనిషి నా పక్కనే ఉంది. అవ్వ వయోజన విద్యలో చదువు నేర్చుకుంది. ఏది చదివినా బజారంతా వినబడాలి.

"ఈరోజు... అవ్వ చేసిన... చేపల పులుసు... పిల్లి కూడా... ముట్టలేదు."

ప్రింటరు ఆగిపోయింది. అవ్వ తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"పిల్లి సంగతి ఆనక చూస్తాం గానీ, నీ చేతిరాత ఎంత బాగుండాది పాపా! అచ్చం పుస్తకంలో మాదిరి ఉండాది."

ఆత్మకూరు బస్టాండులో నిలబడి ప్రమాణం చేశాను: బంగారు పళ్లున్న దేనికీ ఇక బొట్టు పెట్టను, అవ్వ బతికున్నంతకాలం ఆమె ఎదుట కలం పట్టను.