ఎయిర్‌పోర్ట్ రంగుల నవీన్

నిన్న పొద్దున సాయి ఫోన్ చేశాడు. ఏడుపు తప్ప మాట లేదు.

"ఏమైందిరా, ఏమైంది" అని నేను అరుస్తూనే ఉన్నాను. చివరికి ఎవరో నర్సు ఫోన్ తీసుకుని చెప్పింది. షాద్‌నగర్ రోడ్డు మీద బైక్ యాక్సిడెంట్ అట. నవీన్ లేడట.

లేడంటే ఏంటి?

మొన్న సాయంత్రమే కదా వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, ఐతారం బర్త్‌డే ఉంది, కేక్ నువ్వే తేవాలె" అని.

ఈ పోస్ట్ మన గ్రూపు వరకే. దయచేసి ఎవరూ స్క్రీన్‌షాట్ తీయకండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం చెబుతున్నాను. నవీన్ మా పక్కింటి చిన్నమ్మ కొడుకు. ఎయిర్‌పోర్ట్‌లో కాఫీ షాపులో పని. సాయి వాడు ప్రేమించిన మనిషి. ఇద్దరూ శంషాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్ళు. మా ఊళ్ళో మాత్రం సాయి అంటే "రూమ్మేట్". అసలు సంగతి ఊరు మొత్తంలో నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని.

ఇక ఆ బర్త్‌డే ఎవరిదో పాతవాళ్ళకు తెలుసు. ఎవరిదీ కాదు.

మన ప్రైడ్ నెల జూన్ అయిపోగానే అందరి డీపీల్లోంచి, షాపుల అద్దాల మీంచి మన జెండా ఇంద్రధనుస్సు రంగులు మాయమయ్యేవి. వాడికి ఒళ్ళు మండేది. "జూలైల మనమేడికి పోవాలె అక్కా?" అనేవాడు. అందుకే నెలకోసారి ఆ రూములో మనందరినీ కూర్చోబెట్టేవాడు. ఇంటి ఓనర్ ఆంటీ అడిగితే "బర్త్‌డే ఆంటీ" అని చెప్పేవాడు.

"ఏందయ్యా, మీ రూముల నెలకొకడు పుడుతున్నడు!" అని ఆవిడ నవ్వి, సేమ్యా పాయసం పంపడం మొదలుపెట్టింది. పాపం, ఇప్పటికీ బర్త్‌డేలే అనుకుంటోంది.

వాడి మెడలో ఆ ప్రైడ్ రంగుల ట్యాగ్ గుర్తుందిగా? ఐడీ కార్డుకు వేసుకునే తాడు. ఏడాది పొడుగునా అదే. మాసిపోతే ఉతికి మళ్ళీ అదే.

ఒక బతుకమ్మ పండక్కి ఊరికొచ్చి, చిన్నమ్మతో కూర్చుని బతుకమ్మను కూడా అదే వరుసలో పేర్చాడు. కింద ఎర్ర పట్టుకుచ్చులు, పైన బంతి, తంగేడు, ఆ పైన రంగులద్దిన గునుగు... ఆకుపచ్చ, నీలం, ఊదా.

"ఏందిరా గీ వరుస?" అని వాడకట్టు ఆడవాళ్ళు అడిగారు. దొరికిపోయామనుకున్నాను. వాడు తడుముకోకుండా మెడలో ట్యాగ్ ఎత్తి చూపించాడు. "మా ఎయిర్‌పోర్ట్ రంగులు!"

అంతే. నిజమేననుకున్నారు. మరుసటి ఏడు మా వాడలో ఎవరి బతుకమ్మ చూసినా అవే రంగులు. "మా పోరనికి గూడ ఎయిర్‌పోర్ట్‌ల నౌకరి రావాలె" అని మొక్కుకుని మరీ పేర్చారు. మన ప్రైడ్ జెండా చుట్టూ ఊరంతా చప్పట్లు కొట్టి ఆడింది. వాడూ నేనూ మిద్దె ఎక్కి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

నిన్న దవాఖానలో ఆ ట్యాగ్‌ను సాయి నా చేతిలో పెట్టాడు.

"నీ దగ్గర పెట్టుకో అక్కా. వాళ్ళ బాపు చూసి ఇదేందని అడిగితే నేనేం చెప్పాలె?"

బ్యాగులో దాచాను. ఊరికి వెళ్ళే దారంతా నా భయం ఒక్కటే. ఎవరైనా ఏదైనా అడిగితే సాయి ముఖమే అంతా చెప్పేస్తుంది. పంపించేస్తారు. వాడికి చివరి చూపు కూడా దక్కదు. మీరు రంగుల బ్యాడ్జీలు పెట్టుకొస్తామంటే వద్దని బతిమాలింది అందుకే.

వాకిట్లో నవీన్‌కు స్నానం చేయించి కొత్త బట్టలు వేశారు. సాయి లోపలికి రాలేదు. గేటు దగ్గర, అందరూ చెప్పులు విడిచిన చోటే నిలబడ్డాడు. గట్టిగా ఏడవడానికి కూడా భయపడుతున్నాడు. ఉత్త రూమ్మేట్ అంతలా ఏడవడు కదా.

అప్పుడు చిన్నమ్మ తలెత్తింది.

"వాని ఎయిర్‌పోర్ట్ తాడేది?"

మళ్ళీ తనే అంది.

"రంగులది. ఎవలు తీసిన్రు? అది లేంది వాడు ఇల్లు దాటడు."

బ్యాగులోంచి తీసి ఇచ్చాను. దాన్ని కాసేపు చేతుల్లో పట్టుకుని చూసింది. వేస్తుందనుకున్నాను. వేయలేదు. గేటు వైపు చూసి పిలిచింది.

"సాయీ, ఇటు రా బిడ్డా. నువ్వే వెయ్యి. వాడు నాకు చెప్పిండు."

ఏం చెప్పాడని ఎవరూ అడగలేదు.

నేను నవీన్ తండ్రి ముఖమే చూస్తున్నాను. ఆయన తువ్వాలతో కళ్ళు తుడుచుకుని, చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. సాయి కూర్చోవడానికి చోటు దొరికింది.

ఆ తాడు వాడి మెడలో వేసి, ఆ వాకిట్లో మొదటిసారి గట్టిగా ఏడ్చాడు సాయి.

భయం పోయిందని చెప్పను. ఈరోజు వాడలో ఏమనుకుంటున్నారో తెలియదు. ఇంకా దినాలున్నాయి, చుట్టాలొస్తారు, అందరూ చిన్నమ్మలా ఉండరు. సాయి నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. ఫోన్ మోగితే నాకు గుండె దడ.

ఆదివారం అందరం ఆ రూముకే వెళ్దాం. కేక్ వద్దు. సాయి ఒంటరిగా ఉండకూడదు, అంతే. ఆంటీ అడిగితే ఈసారి నిజమే చెబుదాం.

పోయిరా తమ్ముడూ. ఎవరికీ ఏదీ దాచాల్సిన పని లేని చోట హాయిగా ఉండు.

జూలైలో ఎక్కడికి పోవాలని అడిగేవాడివి కదా. మేమెక్కడికీ పోం. ఇక్కడే ఉంటాం.