హవల్దారు రెండేళ్లు

మా వీధి సుబేదార్ గారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. చిక్కడపల్లి మార్కెట్ నుంచి కూరలు తెచ్చి, సంచి వంటింట్లో పెట్టి, మంచినీళ్లు అడిగారట. ఆయన భార్య నీళ్లు తెచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేశారు. ఆమె నాకు ఫోన్ చేసి, "జర వస్తవా బిడ్డా" అని మాత్రమే అన్నారు.

అశోక్‌నగర్‌లో నాది చిన్న టైపింగ్, జిరాక్స్ షాపు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు. సైన్యంలో క్లర్కుగా చేసి రిటైరైన సుబేదార్ గారు రోజూ పదిన్నరకి వచ్చి పేపర్ చదివేవారు. పక్కన ఎవరి దరఖాస్తు కనపడినా, అడక్కుండానే తప్పులు దిద్దేవారు. కొందరికి అది నచ్చేది కాదు. ఆయనకా పట్టింపు లేదు. పెన్ను క్యాప్ ఎప్పుడూ పళ్లతోనే తీసేవారు.

మూడేళ్ల కిందట ఒకామె జిరాక్స్ కోసం వచ్చింది. పాలమూరు వైపు మనిషి. మా వెనక గల్లీలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. చనిపోయిన భర్త సైన్యంలో హవల్దారు. తనకు పింఛను తక్కువ వస్తోందని ఎవరో చెప్పారట, ఆ కాగితాలు పట్టుకొచ్చింది. వాటి మీది పేరు చూసి సుబేదార్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఈయన మా యూనిట్లనే ఉండె" అన్నారు.

గడువు ముగిశాక కూడా యూనిట్ కోరితే కొందరు ఇంకో రెండేళ్లు సర్వీసులో ఉంటారు. ఆ ఏళ్లు పింఛను లెక్కలో కలవాలి. హవల్దారు అలా ఉన్నవాడే. కానీ ఆయన పింఛను ఉత్తర్వులో సర్వీసు పాత గడువు దగ్గరే ఆగిపోయింది.

సుబేదార్ గారు ఆ తేదీని రెండుసార్లు చూశారు. తర్వాత ఆమెతో, "అమ్మా, ఆ రెండేండ్లు ఉండుమని సంతకం పెట్టిచ్చింది నేనే. పింఛన్ పెరుగుతదని చెప్పిన. రికార్డుల ఎక్కియ్యాల్సింది గూడ నేనే. నడుమ బదిలీ అయింది, మర్చిపోయి ఎళ్లిపోయిన" అన్నారు.

"ఆయన పోయేదాక అనుకున్నడు సార్, రెండేండ్లు కలిసినయని" అందామె. కోపంగా అనలేదు. సుబేదార్ గారు ఆ కాగితాలకు ఇంకో నకలు తీయించుకున్నారు.

మర్నాడే అర్జీ రాసుకొచ్చారు. టైపు చేస్తూ ఒక వాక్యం దగ్గర ఆగాను. 'ఈ నమోదు చేయకపోవడం నా తప్పు.' కింద ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు ఉన్నాయి.

"ఇది అవసరమా అంకుల్? మీ పింఛన్‌కే ఏమన్న అయితే?"

"అయితే అయితది. ఆ లైను లేకపోతే ఎవరిదో తప్పయితది. ఎవరిదో తప్పును ఎవరు దిద్దరు బిడ్డా. కొట్టు."

ఇన్నేళ్లలో ఎన్నో అర్జీలు టైపు చేశాను. తన తప్పు తానే రాసిచ్చిన మనిషి ఆయనొక్కరే. ఆ కాగితం నా చేతుల మీదుగా వెళ్లినందుకు సంతోషంగానే ఉంటుంది.

ఏడాదిన్నర తిరిగారు. నారాయణగూడలో బస్సెక్కి ఆఫీసుకు వెళ్లడం, ఫలానా కాగితం లేదంటే తిరిగి రావడం. తనతో పనిచేసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తే ఒకాయన దగ్గర అప్పటి ఆర్డరు నకలు దొరికింది. మధ్యలో ఈయన్నే వివరణ అడుగుతూ ఓ ఉత్తరం వచ్చింది. ఆ వారమంతా ఆయన భార్య నాతో మాట్లాడలేదు, టైపు చేసింది నేనే కదా. ఆయన ఉన్నదున్నట్టు జవాబిచ్చారు. ఆపైన ఆయన మీదికి ఇంకేమీ రాలేదు.

"పైసలు ఇయ్యాల కాకుంటె రేపొస్తయ్. మనిషి చేసిన ఏండ్లు కాగితంల ఉండాలె" అనేవారు.

సవరించిన ఉత్తర్వు హాస్టల్‌కు, ఆమె పేరునే వచ్చింది. చదివి చెప్పమని కబురు పెడితే ఇద్దరం వెళ్లాం. మధ్యాహ్నం భోజనాల వేళ. అమ్మాయిలు ప్లేట్లు పట్టుకుని వరుసలో ఉన్నారు. ఆమె గరిటె పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆయన ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగులో చెప్పారు. నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, రిటైరైన తేదీ. పొడిగించిన రెండేళ్లతో కలిపి మొత్తం ఇరవై ఆరేళ్ల సర్వీసు. కొత్త పింఛను ఎంతో చెప్పబోతుంటే ఆమె ఆపింది.

"అది తర్వాత సార్. ఆయన పేరు కాడికెల్లి మల్ల చదువున్రి."

వరుసలో అమ్మాయిలెవరూ కదల్లేదు. సుబేదార్ గారు కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, నిటారుగా నిలబడి, హవల్దారు నంబరు దగ్గర మళ్లీ మొదలుపెట్టారు.