లైటర్ ఫ్యూజు

మా బావని షెడ్డులో అందరూ ఫ్యూజు మేస్త్రి అనేవారు. ఏ బండి వచ్చినా ఆయన నోట మొదటి మాట "ముందు ఫ్యూజు చూశావా?" అనే. మా అక్క అలిగి మాట్లాడకపోయినా అదే అడిగి, ఇంకో రెండు తిట్లు తినేవాడు. ముప్పై ఏళ్లుగా కార్ల కరెంటు పనే ఆయన బతుకు. షెడ్డు ఓనరు కూడా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ షెడ్డులోనే ఓ మూల నాది సీట్ల కుట్టుపని.

ఆ రోజు ఓ నర్సమ్మ పాత కారు వచ్చింది. దారిలో ఉన్నట్టుండి ఆగిపోతోందట. పొద్దున బావ డాష్‌బోర్డు కింద తల పెట్టి తెగిన వైరొకటి అతికాడు. మధ్యాహ్నం నేను సీట్లు కుట్టడం ముగించి, సిగరెట్ లైటర్ సాకెట్‌కి నా చిన్న వ్యాక్యూమ్ తగిలించి దుమ్ము లాగుతుంటే అది సగంలో ఆగింది. దీని పని అయిపోయిందనుకుని పాత సామాన్లలోకి గిరాటేశాను. సాయంత్రానికి బండి అసలు స్టార్టే కాలేదు.

ఓనరు కొత్తగా కొన్న స్కానర్ తెచ్చాడు. తప్పు ఎక్కడుందో ఇంజను కంప్యూటర్ని అడిగి కోడు చూపించే మిషన్ అది. దాని సొంత బ్యాటరీతో తెర వెలిగింది గానీ కోడు రాలేదు. మూడుసార్లు పెట్టినా "లింక్ లేదు" అనే చూపించింది.

"కంప్యూటర్ కాలిపోయింది గురువుగారూ," అన్నాడు ఆ మహానుభావుడు అందరి ముందూ. "మీ చేతులు వణకడం ఎప్పట్నుంచో చూస్తున్నా. ఏ వైరు ఎక్కడ తగిలించారో ఏమో!"

బావ ఎగిరిపడతాడనుకున్నాను. తన చేతులకేసి చూసుకుని "తగిలించానేమో రా, గుర్తులేదు" అన్నాడు. అంత మిషనే చెప్పాక, ఫ్యూజు చూడాలని ఫ్యూజు మేస్త్రికే తట్టలేదు. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకున్నాను, నా మూల నాకు దక్కాలి కదా. మర్నాటి నుంచి ఆయన షెడ్డుకి రాలేదు. ఆ మోడల్ కంప్యూటర్ ఎక్కడా దొరక్క, కారు వెనకగోడ దగ్గర పడి ఉంది.

ఆర్నెల్ల తర్వాత సామాన్లు సర్దుతూ ఆ వ్యాక్యూమ్‌ని ఇంకో కారుకి తగిలించి చూశాను. గుర్రుమని తిరిగింది. అంటే ఆ రోజు పోయింది ఇది కాదు, ఆ కారు సాకెట్‌కి కరెంటు.

పరుగున పోయి నర్సమ్మ కారు ఫ్యూజు పెట్టె తెరిచాను. లైటర్ ఫ్యూజు మాడి ఉంది. స్కానర్ సాకెట్‌కి కూడా కరెంటు దాన్నుంచే అని మూత మీద రాసే ఉంది. ఫ్యూజు మార్చి స్కానర్ పెడితే చిటికెలో కోడు వచ్చింది. బండిని ఆపింది పోయిన ఒక్క సెన్సర్, అంతే. కంప్యూటర్ నిక్షేపంలా ఉంది.

"పోన్లే, బండిలో లోపం తేలింది కదా," అన్నాడు ఓనరు, సిగ్గూ శరం లేకుండా. "గురువుగార్ని రమ్మను."

వెళ్లి బావకి అంతా చెప్పాను, ఫ్యూజు మాడ్చింది నేనేనని కూడా.

"మాడిస్తే మాడ్చావులే. చూడాల్సింది నేను," అన్నాడు. "లోకానికంతా చెప్పేవాణ్ణి. ఆ ఒక్కరోజు నన్ను నేనే నమ్మలేదు రా."

షెడ్డుకి మాత్రం రానన్నాడు. నిన్న వాళ్ల వంటింట్లో బల్బు పోయింది. అక్క కొత్త బల్బు ఆయన చేతికిచ్చింది. ఆయన అది తిరిగి అక్క చేతిలోనే పెట్టి, "నీ తమ్ముణ్ణి పిలువు, వాడు పెడతాడు" అన్నాడు. నేను వెళ్లి పెట్టి వచ్చాను.