ప్రార్థన అవసరం అని చదివిన ముప్పై ఏళ్లు

రాస్తున్నావా? నా మాట వేగమైతే చెయ్యి ఎత్తు, ఆగుతాను. నాకు ఆగడం చేతకాదని మీ తాత అనేవారు, అయినా నీ కోసం ఆగుతాను.

ముందు పుస్తకం సంగతి రాయి. దానికి పేరు లేదు. ఉండేదేమో, నా చేతికి వచ్చేనాటికే మొదటి పేజీలు, చివరి పేజీలు ఊడిపోయాయి. ఎవరు రాశారో, ఏ దేశంలో రాశారో, తెలుగులోకి ఎవరు మార్చారో తెలియదు. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఉద్యోగం ముగించి వెళ్లిపోతున్న ఒక ముసలి నర్సమ్మ తన పెట్టె ఖాళీ చేస్తూ ఆ పుస్తకం అమ్మకు ఇచ్చింది. అమ్మకు చదువు రాదు. అందుకని నా పెళ్లిలో చీరల మధ్య పెట్టి నాతో పంపింది.

"నువ్వు అయిదో తరగతి దాకా పోయినావు కదమ్మే. నువ్వు సదువు, నేను వచ్చినప్పుడు ఇంటా," అంది.

ఆ తెలుగు నీ తెలుగు కాదు. ఒక్కో వాక్యం మన వీధి మొదట్లో బయల్దేరి నగరి రైల్వే స్టేషన్ దగ్గర ఆగుతుంది. ఎవరు ఎవరిని ఏం చేశారో తేలేసరికి చదివేవాళ్లకు ఊపిరి అయిపోతుంది. మొదటి ఏడాది వేలు పెట్టుకుని ఊరికే చదివాను. రెండో ఏడాది కొంచెం కొంచెం తెలిసింది. దేవుడితో నడిచే మనిషి ఎట్లా పెరుగుతాడు అన్నదే పుస్తకమంతా. పెరగడం అంటే పైకి కాదు, లోపలికి. మనసు ఎండిపోయినట్టు ఉన్న రోజు కూడా దేవుడి ముందు కూర్చోవాలి అని ఒక అధ్యాయం. ఎవరూ చూడని చిన్న పనిని శ్రద్ధగా చెయ్యాలి అని ఒకటి. మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ, ఒడిలో పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. మీ తాతతో మాటల్లేని రోజుల్లో నాతో మాట్లాడింది అదే.

మన గుడిలో గురువారం మూడింటికి స్త్రీల కూడిక జరుగుతుంది కదా. ఆ రోజుల్లో గట్టిగా చదవగలిగిన ఆడమనిషిని నేను ఒక్కదాన్నే. ఆ పుస్తకం తీసుకెళ్లి ఒక అధ్యాయం చదివాను. అప్పటి పాస్టరు అయ్యగారికి నచ్చింది. ఇక ప్రతి గురువారం నేనే. పుస్తకం అయిపోతే మళ్లీ మొదటినుంచి. అట్లా ముప్పై ఏళ్లు. నా గొంతు బాగుంటుంది, ఆ మాట నేనే చెప్పుకోవాలి. నేను చదువుతుంటే అందరూ కొంగు తలమీద వేసుకుని తల దించుకుని వినేవాళ్లు. వింటున్నారనే అనుకున్నాను.

మూడేళ్ల కిందట గూడూరు నుంచి ఇప్పటి అయ్యగారు బదిలీ మీద వచ్చారు. మీ నాన్న కంటే చిన్నవాడు. ఒక గురువారం వచ్చి వెనక చాప మీద కూర్చున్నారు. ఆ రోజు ప్రార్థన మీద అధ్యాయం. నేను బాగా చదివాను. అయిపోయాక ఆయన లేచి, "అమ్మా, ఇవాళ చదివినదాంట్లో మీకు ఏం అర్థమైంది?" అని అడిగారు.

ఒకామె, "శానా బాగుండాదయ్యగారూ," అంది.

"బాగుంది సరే. ఏముంది అందులో?"

అప్పుడు ముందు వరసలోంచి అక్క చెయ్యి ఎత్తింది. అక్క అంటే సొంత అక్క కాదు, నాకంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి అక్కా అంటాను. పుట్టింది తిరుత్తణి పక్క, తమిళం ఇంట్లో. మన నగరికి కోడలుగా వచ్చింది. ఇంట్లో రెండు మరమగ్గాలున్నాయి, మొగుడు పోయాక వాటిని తనే నడుపుతుంది. అక్షరం ముక్క రాదు, కానీ ఒక్క గురువారం మానదు.

"నాకు తెలుసయ్యగారూ," అంది అక్క. "ప్రార్థన అవసరం అని ఉండాది. సెల్లి ఎన్నోతూర్లు సదివింది ఈ పాఠం. అందుకే నేను అవసరంగానే చేస్తా. పొద్దున్నే మగ్గం వేసే లోపల నిలబడుకునే, సీక్రంగా, రెండే నిమిషాల్లో ముగిస్తా. ఒక్క దినం కూడా నిదానంగా చేసిన పాపాన పోలేదు."

నీకు తెలుసు కదా, తమిళంలో అవసరం అంటే తొందర. పుస్తకం ప్రార్థన కావాలి అంటుంటే, అక్క చెవికి ప్రార్థన తొందరగా కానియ్యి అని వినపడింది. అదీ ముప్పై ఏళ్లు.

మొదట ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. నిమ్మకాయల మండీలో పనిచేసే ఒకామె, "అందుకేనా అక్కా, నీ ఆమెన్ మాకంటే ముందు వస్తాది," అంది. అక్క కూడా నవ్వింది కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

అయ్యగారు నవ్వలేదు. "అమ్మగారూ, ఎన్నేళ్లుగా చదువుతున్నారు ఈ పుస్తకం?"

"ముప్పై ఏళ్లుగా."

"అయితే ముప్పై ఏళ్లుగా ఇది వీళ్లకు చేరలేదు," అన్నారు. కటువుగా ఏమీ అనలేదు, మెల్లగానే అన్నారు. అందుకే ఇంకా గుచ్చుకుంది. వచ్చే నెల నుంచి మద్రాసు నుంచి బొమ్మల పాఠాలు తెప్పిస్తామని, కింద ప్రశ్నలు కూడా ఉంటాయని, బడిలో పనిచేసే ఒక అమ్మాయి నడిపిస్తుందని చెప్పారు. ఈ పుస్తకాన్ని గుడి బీరువాలో భద్రంగా పెట్టుకుందామన్నారు.

భద్రంగా పెట్టడం అంటే ఏమిటో నాకు తెలియదా? బీరువాలోకి పోయిన పుస్తకాన్ని మళ్లీ తీసేది చెదలే. నన్ను మనిషిని చేసిన పుస్తకం అది. "నాలుగు గురువారాలు ఇయ్యండి అయ్యగారూ," అన్నాను. "సదవను. నోటితో చెప్తా. నాలుగో గురువారం మీరొచ్చి ఇదే మాట అడగండి. ఎవరూ చెప్పలేకపోతే నేనే తీసకపోయి బీరువాలో పెడతా."

ఆయన సరే అన్నారు.

మరుసటి రోజు అన్నాల వేళ, మగ్గాలు ఆపిన సమయం చూసుకుని అక్క ఇంటికి పోయాను. అక్కకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే ఎవరికైనా చెప్పగలను అని నా ఆలోచన. అక్క కంచం ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి కూర్చోమని కూడా అనలేదు.

"ఏం మే, నవ్వించింది చాలలేదా?"

"నేను నవ్వలేదు కదక్కా."

"నువ్వు సదివితేనే కదా నేను చేసింది." కంచంలో చెయ్యి ఆగిపోయింది. "ఒక మాట నిజం చెప్పు సెల్లే. మా ఆయనకు గుండె పట్టుకున్న దినం కూడా నేను అట్లనే చేసినా. వాకిట్లో ఆటో నిలబడుకొని ఉండాది. రెండు మాటలు అనేసి ఎక్కినా. పద్ధతి ప్రకారమే చేసినా కదా అని ధైర్యంగా పోయినా. పుత్తూరు దాటినాక ఆయన పోయినాడు, తిరుపతి ఆసుపత్రి చూడనే లేదు. నిదానంగా చేసుంటే ఉండేటోడా?"

నోట్లో మాట లేకుండా పోయింది నాకు. రాసుకో ఇది, అరుదైన సంగతి. లేచి ఇంటికొచ్చాను. ఆ వారమంతా పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. ముప్పై ఏళ్లలో చదివినట్టు కాదు. అక్క కోసం ఒక్క జవాబు వెతుక్కుంటూ చదివాను. ప్రార్థన ఎంతసేపు చెయ్యాలి అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడైనా ఉందా అని చూశాను. లేదు. రోజూ అని ఉంది. మనసుతో అని ఉంది. మనం నోరు తెరవకముందే దేవుడు చెవి ఒగ్గుతాడని ఉంది. గడియారం మాత్రం ఏ పేజీలోనూ లేదు.

మళ్లీ పోయాను. ఈసారి కూర్చోమనకముందే కూర్చున్నాను.

"అక్కా, ఈ ముప్పై ఏళ్లలో ఎన్ని పొద్దులు మానేసినావు ప్రార్థన?"

"మానేదేంది? మగ్గం వెయ్యని దినాలు ఉండాయి. ఇది మానలేదు."

"నేను మానినా."

అక్క నావైపు చూసింది. "నువ్వా?"

"నేనే. జొరమొస్తే మానినా, సుట్టాలొస్తే మానినా, మీ మరిదితో కొట్లాడిన దినమైతే దేవుడి మీద కూడా అలిగి మానినా."

"గురువారం అంత గొప్పగా సదివి?"

"సదివే మానినా. ఇప్పుడు నువ్వే చెప్పు, మన ఇద్దరిలో పుస్తకం ఎవరికి పట్టినట్టు?"

అక్క నవ్వలేదు, కానీ మొహం కొంచెం విచ్చుకుంది. "మరి ఆ ఆటో సంగతి?" అంది.

"ఆటో నిలబడుకొని ఉంటే నువ్వు నిదానంగా కూర్చొని ప్రార్థన చేస్తా ఉంటే, ఆ దేవుడే లేసి పో అనుంటాడు. నీ వాకిట్లో ఆటో ఉండాదని ఆయనకు తెలీదా? నువ్వు రెండు మాటల్లో చెప్పినావు, ఆయన రెండు మాటల్లోనే విన్నాడు. మీ ఆయన పోయింది నీ తొందర వల్ల కాదక్కా. ఎందుకు పోయినాడో నాకు తెలీదు, ఆ పుస్తకానికీ తెలీదు. నీ ప్రార్థన తక్కువై మాత్రం కాదు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి మగ్గం దగ్గరికి పోయి, స్విచ్ మీద చెయ్యి పెట్టి, వెయ్యకుండా అట్లానే నిలబడింది. తర్వాత, "ఈ మాట గురువారం సెప్పు. ఇట్లనే సెప్పు. ఆ పుస్తకం మాటలు పెట్టొద్దు," అంది.

ఆ రోజు నుంచి ప్రతి అధ్యాయం ముందు అక్కకు చెప్పేదాన్ని. అక్క మొహం చిట్లిస్తే ఆ మాట మార్చేదాన్ని. ఎడతెగక ప్రార్థించడం అన్న చోట నేను గొప్పగా ఒక పోలిక కట్టాను. మగ్గం మీద పడుగు, ఆ నిలువు దారం, దినమంతా ఉంటుంది, అది విశ్వాసం. పేక, ఆ అడ్డదారం, వస్తూ పోతూ ఉంటుంది, అది మనం అప్పుడప్పుడు చేసే ప్రార్థన. రెండూ కలిస్తేనే గుడ్డ. అక్క వినింది.

"పడుగు కూడా తెగతాది మే," అంది. "తెగితే మగ్గం నిలిపి ముడెయ్యాల. నిలపకుండా నేస్తే గుడ్డంతా గీత మాదిరి సార పడతాది. అది సెప్పలేదే నువ్వు?"

నేనూ కండెలు చుట్టిన దాన్నే, నాకు తట్టలేదు. విశ్వాసం తెగిన రోజు ఏం చెయ్యాలో చెప్పే అధ్యాయం ఆ పుస్తకంలో తొమ్మిది పేజీలుంటుంది. అక్క దాన్ని మూడు మాటల్లో చెప్పింది. ఆ మూడు మాటలే చెప్పాను నేను కూడా.

మొదటి మూడు గురువారాలు చిన్న అధ్యాయాలు చెప్పాను. నాలుగో వారానికి ప్రార్థన అధ్యాయమే పెట్టుకున్నాను. అయ్యగారు వచ్చి అదే చాప మీద కూర్చున్నారు. నేను పుస్తకం ఒడిలో మూసిపెట్టి చెప్పాను. చెప్పడం అయ్యాక ఆయన లేచి అదే మాట అడిగారు. "ఏం అర్థమైంది?"

ఈసారి అడిగినందుకు ఆయనే తిప్పలు పడ్డారు. నిమ్మకాయల మండీ ఆమె లేచి, లారీ ఎక్కించేటప్పుడు చేసే ప్రార్థన లెక్కలోకి వస్తాదా రాదా అని అడిగింది. పక్కామె వస్తుందంది. ఇంకొకామె, చెప్పులు వేసుకుని చేస్తే రాదంది. దాని మీద ఇద్దరికీ వాదన. అప్పుడు అక్క లేచింది. ఎవరూ నవ్వలేదు. ఆటో సంగతి, పుత్తూరు సంగతి, తన నోటితో తనే అందరి ముందు చెప్పింది. చివరికి, "నేను ఇప్పుడు కూడా రెండు నిమిషాలే చేస్తా. కానీ భయం లేకుండా చేస్తా," అని కూర్చుంది.

ఆశీర్వాదం చెప్పడానికి అయ్యగారు రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నారు. ఎవరు మాట ఆపితే కదా. ఐదు దాటింది.

అందరూ పోయాక ఆయన నా దగ్గరికొచ్చారు. "అమ్మగారూ, బొమ్మల పాఠాలు పిల్లల బడికి ఇచ్చేస్తాను. ఈ పుస్తకాన్ని మొదట తెలుగు చేసిందెవరో తెలియదన్నారు కదా. రెండోసారి తెలుగు చేసింది మాత్రం మీరిద్దరు. పోకముందే ఎవరిచేతనైనా రాయించండి," అన్నారు. పోకముందే అని ఎవరు పోకముందో చెప్పలేదు. తను బదిలీ మీద పోకముందు అనే నేను అనుకున్నాను. అందుకే నిన్ను కూర్చోబెట్టాను.

తర్వాత తిరుపతిలో అన్ని సంఘాల స్త్రీల కూడిక జరిగితే ఆయనే మమ్మల్ని పంపారు. మైకు ముందు నేను చెప్తుంటే, పక్కన నిలబడి అక్క నా మోచెయ్యి గిల్లుతూ ఉంది, ఎక్కడ ఆగాలో గుర్తుచెయ్యడానికి. అయ్యాక కాలేజీ చదివిన ఒకామె వచ్చి, "మీరు ఏ బైబిలు కాలేజీలో చదువుకున్నారమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల అక్క, "మా ఇంట్లో, మగ్గం పక్కన," అంది. వాళ్లు నాకు శాలువా కప్పారు. అక్కకు కూడా కప్పారు. అక్క మడిచి సంచిలో పెట్టేసుకుంది.

నగరి బస్సులో కూర్చున్నాక అక్క అడిగింది. "వచ్చే వారం ఏం పాఠం?"

"వినయం," అన్నాను.

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. ఎండాకాలం, బస్సు నిండా జనం, నేను ఇంకా శాలువా కప్పుకునే ఉన్నాను.

"అది ఈ వారం నీ వల్ల కాదు మే," అంది. "నువ్వు సదువు. నేను సెప్తా."

అట్లాగే జరిగింది. నేను చదివాను, ఆమె చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. శాలువా సంగతి కొట్టెయ్యకు, ఉండనీ.